గోదావరి గట్టున కొరియా కథానాయకుడు

కొరియన్ డ్రామా అంటే దక్షిణ కొరియా టీవీ సంస్థలు తీసే ధారావాహిక. మామూలుగా పదహారు భాగాలుంటాయి. ఒక్కో భాగం గంట, గంటంపావు నడుస్తుంది. వారానికి రెండు చొప్పున రెండు నెలల్లో కథ తేలిపోతుంది. చాలావాటికి రచయిత ఒక్కరే. ఆ ఒక్కరూ ఎక్కువసార్లు మహిళే. చారిత్రక కథలు, పోలీసు కథలు, ఆసుపత్రి కథలు అన్నీ వస్తాయి గానీ, ఊళ్లు దాటించి, సముద్రాలు దాటించి జనాన్ని కట్టిపడేసింది మాత్రం ప్రేమకథలే. ఖమ్మంలో డిగ్రీ చదివే అమ్మాయిలు, కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లలోని గృహిణులు, గోదావరి దాటాక భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల దారిలో ఫోన్ సిగ్నల్ అందినంత మేర కుర్రకారు ఇప్పుడు కొరియన్ నటులు లీ మిన్ హో, హ్యూన్ బిన్, గాంగ్ యూ పేర్లను పక్కింటి వాళ్ల పేర్లంత సులువుగా పలుకుతున్నారు. అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి, ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే వాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది: రెండు భాగాలు చూడండి, మూడో భాగం మీరే పెట్టమంటారు.

ఈ కథలు కొరియా గడప దాటింది 1990ల చివర. 1997లో చైనా ప్రభుత్వ టీవీ ఒక కొరియన్ కుటుంబ కథను ప్రసారం చేస్తే జనం విరగబడి చూశారు. అదే ఏడాది ఆసియా ఆర్థిక సంక్షోభం కొరియాను కుదిపేసింది. 1998లో అధ్యక్షుడైన కిమ్ దే జుంగ్, ఓడలూ ఉక్కుతో పాటు పాటా సినిమా సీరియలూ కూడా ఎగుమతి సరుకేనని గుర్తించాడు. 1999లో సాంస్కృతిక పరిశ్రమలను ప్రోత్సహించే చట్టం వచ్చింది. ఈ ఉప్పెనకు హల్యూ అని పేరు పెట్టింది చైనా పత్రికలు.

అభిమానం అంటే ఏమిటో లోకానికి తెలిసింది జపాన్‌లో. 2002లో కొరియాలో ప్రసారమైన వింటర్ సొనాటా అనే ఇరవై భాగాల ప్రేమకథను జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2003లో ఉపగ్రహ ఛానెల్లో, 2004లో అందరూ చూసే ప్రధాన ఛానెల్లో వేసింది. అందులో నాయకుడు బే యోంగ్ జూన్. కళ్లజోడు, మెడచుట్టూ ఉన్ని మఫ్లరు, నెమ్మదైన మాట. 2004 నవంబరులో అతను టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయంలో దిగితే సుమారు మూడున్నర వేల మంది ఎదురెళ్లారు. వాళ్లలో కాలేజీ పిల్లలకంటే నలభై, యాభై దాటిన గృహిణులే ఎక్కువ. పిల్లల్ని పెంచి, భర్తలకు కారియర్లు కట్టి, ఎవరి చేతా ఏమమ్మా అలిసిపోయావా అనిపించుకోని ఆడవాళ్లు. షూటింగ్ జరిగిన నామి దీవికి వాళ్లు యాత్రల్లా వెళ్లారు. సినిమా హీరో కటౌట్లకు పాలు పోసే ఊళ్లకు ఈ వేడుక కొత్తేమీ కాదు. పోసేవాళ్లు ఆడవాళ్లు కావడమే కొత్త.

భారతదేశంలో ముందుగా కొరియా వైపు చెవి తిప్పింది మణిపూర్. 2000లో అక్కడి తీవ్రవాద సంస్థ ఒకటి హిందీ సినిమాలనూ ఛానెళ్లనూ నిషేధించింది. ఆ ఖాళీలోకి కేబుల్ మీదుగా అరిరాంగ్ టీవీ, సీడీల రూపంలో కొరియన్ కథలు వచ్చి చేరాయి. దూరదర్శన్ కూడా ఆ దశాబ్దం నడిమిలో రాజుగారి వంటశాల నుంచి ఆస్థాన వైద్యం దాకా ఎదిగిన దే జాంగ్ గమ్ అనే స్త్రీ కథను హిందీలో చూపించింది. పొరుగున తమిళనాడులో పుదుయుగం అనే ఛానెల్ కొరియన్ ప్రేమకథలను తమిళంలో వినిపించింది. తెలుగు నేలకు ఈ గాలి ఆలస్యంగా తగిలింది. తగిలింది టీవీ నుంచి కాదు, చేతిలోని ఫోన్ నుంచి.

ఏజెన్సీ అంచున ఫోన్ కథ వేరు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో సెల్ టవర్లు నిలబెట్టే పథకానికి కేంద్రం 2014లో ఆమోదం తెలిపింది. ఆ టవర్లు మాటకు పనికొచ్చే 2జీ టవర్లు. బొమ్మ కదలాలంటే 4జీ కావాలి. పాత టవర్లను 4జీకి మార్చే నిర్ణయం 2022లో గానీ జరగలేదు. ఈలోగా 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. మరుసటి నెలలోనే భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయింది. పట్టణాల్లో చేతినిండా డేటా, గుట్టల వెనక గుడ్డి సిగ్నల్. ఈ తేడాలోంచే ఇక్కడి చూసే పద్ధతి పుట్టింది. సెలవు ముగించుకుని ఊరికి వెళ్లే అమ్మాయి బస్సు ఎక్కకముందే భద్రాచలం బస్టాండులో కూర్చుని భాగాలన్నీ ఫోన్‌లోకి దించుకుంటుంది. తక్కువ నాణ్యతలో గంట బొమ్మకు మూడు వందల మెగాబైట్ల దాకా పడుతుంది. రోజుకు గిగాబైటున్నర వచ్చే రీచార్జితో నాలుగు భాగాలకు మించి దిగవు. పదహారు భాగాల కథకు నాలుగు రోజుల డేటా కావాలి, లేదంటే అన్నదో స్నేహితురాలిదో హాట్‌స్పాట్ అడుక్కోవాలి. ఊళ్లో రాత్రి అన్నాలయ్యాక మంచినీళ్ల చెంబుకు ఫోన్ ఆనించి, ఒక్క ఇయర్‌ఫోన్ జతను ఇద్దరు చెరొక చెవిలో పెట్టుకుని చూస్తారు. పది, పదిహేనేళ్ల కింద సెల్ షాపుల్లో పది రూపాయలిచ్చి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న అలవాటే రూపం మార్చుకుంది.

సరుకు కూడా సరిగ్గా ఆ సమయానికే అందింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. దానికి నెల ముందే క్రాష్ లాండింగ్ ఆన్ యూ కథ పూర్తయి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. అంతకు ముందటేడుతో పోలిస్తే 2020లో భారతదేశంలో కొరియన్ సీరియళ్లు చూడటం 370 శాతానికి పైగా పెరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. ఫోన్‌కు మాత్రమే పనికొచ్చే చందాను అది 2021 డిసెంబరులో నెలకు 199 రూపాయల నుంచి 149కి తగ్గించింది. ఎంఎక్స్ ప్లేయర్ లాంటి ఉచిత యాప్‌లు తెలుగు మాట జోడించాయి. ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూసే దశ దాటి, వంట చేస్తూ వినే దశకు వచ్చింది వ్యవహారం. అమ్మమ్మలు కూడా చేరింది అప్పుడే.

అభిమానులు ఆ నాయకుడిలో ఏం చూస్తున్నారో తెలియాలంటే క్రాష్ లాండింగ్ ఆన్ యూ ఒక్కటి తీసుకున్నా చాలు. దక్షిణ కొరియాలో కోట్లకు వారసురాలైన యువతి పారాగ్లైడర్ మీద ఎగురుతూ సుడిగాలికి కొట్టుకుపోయి సరిహద్దు దాటి ఉత్తర కొరియా అడవిలో చెట్టుకు చిక్కుకుంటుంది. ఆమెకు ఎదురైనవాడు ఆ దేశపు సైనిక కెప్టెన్. పట్టివ్వాల్సినవాడు ఇంట్లో దాస్తాడు. ఆమె కాఫీ కావాలంటే, పొడి దొరకని ఆ ఊళ్లో పచ్చి గింజలు తెచ్చి, మూకుడులో వేయించి, చేత్తో విసిరి, వడకట్టి ఇస్తాడు. ఈ పనంతా కెమెరా తొందరపడకుండా చూపిస్తుంది. మరో చోట ఆమె చీకటి పడ్డ సంతలో తప్పిపోతుంది. జనం మధ్య భయంతో దిక్కులు చూస్తుంటే, ఒక చేయి వెలిగించిన కొవ్వొత్తిని తలలకు పైన ఎత్తి పట్టుకుని కనిపిస్తుంది. పెద్ద డైలాగేమీ ఉండదు. ఎత్తిన ఆ చేయి, ఆమె వాలిన చూపు, వెనకాల పాట. అంతే. అభిమానులు మళ్లీ మళ్లీ వెనక్కి జరుపుకుని చూసేది ఇలాంటి ముక్కలనే. ఈ కథలో కరెంటు పోయే ఊరుంది, రాత్రివేళ తనిఖీకి వచ్చే సాయుధులున్నారు, కొత్త మనిషి వస్తే ఎవరు, ఏ ఊరు అని ఆరా తీసే వాడకట్టు ఆడవాళ్లున్నారు. చెక్‌పోస్టుల మధ్య బతికిన చర్ల, దుమ్ముగూడెం ప్రేక్షకులకు ఈ వాతావరణాన్ని ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

కొరియన్ ప్రేమకథలో నాయకుడి గొప్పతనం ఫైట్లలో తేలదు. గమనించడంలో తేలుతుంది. నాయిక చెప్పు కరిచిందని ఆమె చెప్పకముందే చూస్తాడు. వానలో గొడుగును ఆమె వైపు వంచి తన భుజం తడుపుకుంటాడు. కాలు బెణికితే వీపు మీద మోస్తాడు. ముద్దు దాకా రావడానికే సగం కథ గడిచిపోతుంది. అందుకే ఇంట్లో అందరి ముందూ పెట్టుకోవచ్చన్న ధీమా అమ్మాయిలకుంది. అతనికి పోటీగా నాయికను మౌనంగా ప్రేమించే రెండో నాయకుడు ఒకడు దాదాపు ప్రతి కథలో ఉంటాడు. అభిమానుల్లో సగం మంది సానుభూతి అతనికే పోతుంది. ఇవన్నీ గాలివాటంగా వచ్చి పడ్డవి కావు. లవర్స్ ఇన్ పారిస్, సీక్రెట్ గార్డెన్, గాబ్లిన్ రాసిన కిమ్ యున్ సూక్, మై లవ్ ఫ్రమ్ ద స్టార్, క్రాష్ లాండింగ్ ఆన్ యూ, క్వీన్ ఆఫ్ టియర్స్ రాసిన పార్క్ జీ యున్ ఇద్దరూ మహిళలే. ఆడవాళ్లు ఎలాంటి మగవాణ్ణి చూడాలనుకుంటారో తెలిసిన కలాలు అవి.

తెలుగువాళ్లకు ఈ మనిషి పాత పరిచయస్తుడే. 1964లో జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల ధారావాహికగా మొదలైంది. అందులో రాజశేఖరం ఆస్తిపరుడు, ఆజానుబాహువు, పొగరుబోతులా కనిపిస్తాడు, లోపల మెత్తన. ఆత్మాభిమానం తప్ప ఆస్తి లేని జయంతి అతని దగ్గర ఉద్యోగానికి వస్తుంది. అపార్థాలు, అహాలు, ఆలస్యంగా బయటపడే ప్రేమ. కొరియాలో పెద్ద కంపెనీ వారసుడికీ అతని కింద పనిచేసే అమ్మాయికీ మధ్య నడిచే బిజినెస్ ప్రపోజల్, కింగ్ ద ల్యాండ్ లాంటి కథల కొలతలు ఇవే. పట్టణాల్లో అద్దె పుస్తకాల కొట్ల ముందు యద్దనపూడి కొత్త నవల కోసం వరుస కట్టిన తరం, తమ మనవరాలి ఫోన్‌లో కనిపించే కోటు వేసుకున్న కుర్రాణ్ణి చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. కారు మోడల్ మారింది. ఆ నవలలను కలల బేరమని కొట్టిపారేసిన విమర్శకులకూ, ఈ సీరియళ్లను చూసి పెదవి విరిచే నేటి పెద్దమనుషులకూ చుట్టరికముంది. రెండు చోట్లా వాళ్లు పట్టించుకోనిది ఒకటే. మగవాడు ఎదుటి మనిషి మాట చెవికెక్కించుకోవాలన్న కోరిక చిన్న కోరికేమీ కాదు.

ఈ నది మీద కూడా అలాంటి కథలు సాగాయి. బాపు తీసిన అందాల రాముడు 1973లో గోదావరి మీద పడవెక్కి భద్రాచలం బయల్దేరింది. శేఖర్ కమ్ముల 2006లో గోదావరి సినిమాలో అదే దారిన శ్రీరామ్, సీత అనే ఇద్దరిని లాంచీ ఎక్కించాడు. సుమంత్ చేసిన ఆ శ్రీరామ్ ఎవరినీ కొట్టడు, సవాళ్లు విసరడు. తెలుగు సినిమాలో ఇలాంటి నాయకులు అరుదు కాబట్టే ఆ సినిమాను ఇష్టపడేవాళ్లు దాన్ని గుండెల్లో పెట్టుకున్నారు.

టీవీలో మాత్రం నాయకుడి దారి వంకర తిరిగింది. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమినీలో 2008 నుంచి 2013 దాకా నడిచిన మొగలిరేకులులో సాగర్ చేసిన పోలీసు అధికారి ఆర్.కె. నాయుడు పాత్రకు పట్టిన జనాదరణ చిన్నది కాదు. అతన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత 2017 అక్టోబరులో స్టార్ మాలో కార్తీక దీపం మొదలై 2023 జనవరి దాకా పదిహేను వందల భాగాలు దాటింది. నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబు అయ్యాడు, ప్రేమి విశ్వనాథ్ వంటలక్క అయింది. రాత్రి వంట ఆ సీరియల్ వేళను బట్టి ముందుకో వెనక్కో జరిగిన ఇళ్లు ఏజెన్సీలోనూ మైదానంలోనూ లెక్కలేనన్ని. అయితే డాక్టర్ బాబు భార్యను అనుమానించి ఏళ్ల తరబడి దూరం పెట్టినవాడు. ప్రేక్షకురాలి పని అతనికి బుద్ధి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం. ఆ ఎదురుచూపు అయిదేళ్లు సాగింది. కొరియన్ కథలో నాయకుడు తప్పు చేస్తే నాలుగు భాగాల్లో తెలుసుకుంటాడు, పదహారో భాగానికి కథ కంచికి వెళుతుంది. రోజువారీ సీరియల్ వదిలి కొరియా వైపు మళ్లిన ఆడవాళ్లు చెప్పే మొదటి కారణం ప్రేమ కూడా కాదు, అది అయిపోతుంది అన్నదే.

ఈ ఏజెన్సీ అంచున భాష సంగతి కాస్త ప్రత్యేకం. భద్రాచలం చుట్టూ ఊళ్లలో కోయ మాతృభాషగా ఉన్న ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు బడి తెలుగు, సీరియల్ తెలుగు, సినిమా తెలుగు అన్నీ పక్క భాషలే. నోటి కదలిక ఒకటీ వినిపించే మాట ఇంకొకటీ అయిన డబ్బింగ్ బొమ్మ మైదాన ప్రాంతపు ప్రేక్షకుడికి తొలిరోజుల్లో ఎబ్బెట్టుగా తోస్తుంది. తన ఇంటి మాట తెర మీద ఎన్నడూ వినని కోయ పిల్లకు అంత పట్టింపు ఉండే అవకాశం తక్కువ. కథలోని మర్యాదలు మాత్రం ఇద్దరికీ దగ్గరివే. వయసును బట్టి పిలుపు మారడం, పెద్దల ముందు తల వంచడం, అన్నం తిన్నావా అన్న పలకరింపు, పొలిమేర దాటి చేసుకున్న పెళ్లికి ఇంటిపెద్ద అడ్డుపడటం. అమెరికన్ సీరియల్ ఎంత బాగున్నా ఈ చనువు ఇవ్వలేదు.

మురిపెం పక్కనే చిక్కులూ ఉన్నాయి. కొరియా తెర మీద మొహాలు అద్దాల్లా తెల్లగా మెరుస్తాయి. కార్తీక దీపంలో నల్లపిల్ల కథ చెప్పడానికి కూడా తెల్లని నటికి నల్లరంగు పూశారు. ఈ రెండూ చూస్తూ ఎదిగే చామనఛాయ అమ్మాయికి అద్దంలో ఏం కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. ఫెయిర్‌నెస్ క్రీముల పక్కన కొరియన్ క్రీములు చేరాయి, బేరం అదే. ఇక తెర మీది జంటను నిజం జంటగా నమ్మడం ఒకటి. డిసెండెంట్స్ ఆఫ్ ద సన్ నాయికానాయకులు సాంగ్ జూంగ్ కీ, సాంగ్ హే క్యో 2017లో పెళ్లి చేసుకుంటే సంబరపడిన అభిమానులు 2019లో విడాకులు తీసుకుంటే సొంత ఇంట్లో జరిగినట్టు కుమిలిపోయారు. క్రాష్ లాండింగ్ ఆన్ యూ జంట హ్యూన్ బిన్, సన్ యే జిన్ 2022 మార్చిలో పెళ్లాడాక ఆ ఊరట తిరిగి వచ్చింది. 2024 జనవరిలో తమిళనాడులోని కరూరు ప్రాంతం నుంచి పదమూడేళ్ల అమ్మాయిలు ముగ్గురు ఇల్లు విడిచారు. బీటీఎస్ అనే కొరియన్ పాటల బృందాన్ని చూడాలని, విశాఖపట్నం వెళ్లి అక్కడ ఓడ ఎక్కితే సియోల్ చేరొచ్చని లెక్క వేసుకున్నారు. చేతిలో పద్నాలుగు వేలు. దారిలో కాట్పాడిలో పోలీసులకు కనిపించారు. వాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వడం తేలిక. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని ఇష్టం ఎంత దూరం నడిపిస్తుందన్నది ఇళ్లవాళ్లు ఆలోచించాల్సిన విషయం.

ఇంకో చిక్కు తెర మీద అసలు కనపడనిది. కొరియన్ సీరియళ్లలో మగవాళ్లంత మృదువుగా ఆ దేశపు ఇళ్లలో మగవాళ్లుంటారని అనుకోవడం పొరపాటు. ఆడవాళ్ల జీతాల్లో వెనకబాటు అభివృద్ధి చెందిన దేశాలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది దక్షిణ కొరియాలోనే. అక్కడి రచయిత్రులు ఆ మెత్తని నాయకుణ్ణి చేసింది ఉన్నవాణ్ణి చూసి కాదు, లేనివాణ్ణి కోరుకుని. యద్దనపూడి రాజశేఖరం ఆ కాలపు తెలుగు ఇళ్లలో ఎంతమంది ఉన్నారో, కొరియా ఇళ్లలో కెప్టెన్లూ అంతమందే.

సీరియల్ వెంట వచ్చినవి చాలా ఉన్నాయి. కొరియా కారం నూడుల్స్ పాకెట్లు పట్టణాల సూపర్ మార్కెట్లకు చేరాయి. ఆ రుచి పేరుతో ఇక్కడి కంపెనీలే సొంత పాకెట్లు తెచ్చాయి. ఏజెన్సీ కారానికి అలవాటుపడ్డ నాలుకకు అది మరీ హడలెత్తించేదేమీ కాదు, కాస్త తీపి అడ్డొస్తుంది. తెలుగు సినిమా కూడా అటు చూసింది. నందినీ రెడ్డి 2019లో సమంతతో తీసిన ఓ బేబీ, మిస్ గ్రానీ అనే కొరియన్ సినిమాకు తెలుగు రూపం. ఎదురు ప్రయాణమూ ఉంది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది నాటు నాటు పాటకు చిందేసి వీడియో పెట్టారు. రామభక్తుల ఊరికి ఆసక్తి కలిగించే కథ మరొకటి ఉంది. అయుత అనే దూరదేశం నుంచి ఓడలో వచ్చి ప్రాచీన కొరియాలోని గయ రాజ్యపు రాజు సురోను పెళ్లాడిన హో హ్వాంగ్ ఓక్ అనే రాకుమారి గురించి సామ్‌గుక్ యూసా అనే పాత కొరియన్ గ్రంథం చెబుతుంది. ఆ అయుత అయోధ్యే అని నమ్మే కొరియన్లు అయోధ్యలో ఆమెకు 2001లో స్మారకం కట్టించుకున్నారు. చరిత్రకారులందరూ ఒప్పుకున్న మాట కాదది. 2010లో సురో రాజు మీద కొరియాలో సీరియల్ వచ్చినప్పుడు ఆ రాకుమారి అందులో ఒక పాత్ర.

మోజు కొంతమందిని చదువులోకీ నడిపింది. ఉపశీర్షికలు చదివి చదివి నాలుగు మాటలు నేర్చినవాళ్లు ఫోన్ యాప్‌లలో కొరియన్ లిపి దిద్దుకుంటున్నారు. అక్షరాలు ఇరవై నాలుగే కాబట్టి చదవడం వారంలో పట్టుబడుతుంది. వ్యాకరణం మాత్రం ఏళ్లు తింటుంది. కర్త ముందు, క్రియ చివర వచ్చే వాక్యం కావడం తెలుగువాళ్లకు కలిసొచ్చే సంగతి. 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాలల్లో నేర్పదగ్గ విదేశీ భాషల్లో కొరియన్‌ను చేర్చింది. అనంతపురం సీమలో పెనుకొండ దగ్గర కియా కారు ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఖమ్మానికి పక్కనే ఉన్న వరంగల్‌లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కొరియా బట్టల సంస్థ యంగ్‌వన్ ఫ్యాక్టరీలకు 2023 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. అక్కడి సూపర్‌వైజరుకూ ఇక్కడి కార్మికురాలికీ మధ్య మాట చేర్చేవాళ్లు కావాలి. ఫోన్‌లో కెప్టెన్‌ను చూసి భాష మీద మనసుపడ్డ అమ్మాయి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టొచ్చు.